తదుపరి ఉత్తర్వుల వరకు

వర్షాకాలం కోసం జులై 15న ఆపే పారాగ్లైడింగ్, అంటే గుడ్డ రెక్క సాయంతో కొండ మీంచి గాల్లోకి ఎగరడం, హిమాచల్‌ప్రదేశ్‌లో ఏటా సెప్టెంబర్ 15 తర్వాత మళ్లీ మొదలవుతుంది. మన దగ్గర దసరా సెలవులు వచ్చేది కూడా కాస్త అటూ ఇటూగా అప్పుడే. హైదరాబాద్, విజయవాడ, విశాఖల నుంచి కులు, మనాలి టూర్లకు బుకింగులు జోరందుకుంటాయి. గాల్లో పావుగంట ఎగరడమన్నది ఇప్పుడు మంచులో ఫొటో దిగినంత మామూలైపోయింది. కొత్తగా పెళ్లయినవాళ్లు, కాలేజీ పిల్లలు, తొలి జీతం అందుకున్నవాళ్లు వెళ్తారు. వెళ్లాలి కూడా. కానీ కొండ అంచున నిలబడిన మనిషి ఒంటికి కట్టిన పట్టీలు బిగించారో లేదో చూడాల్సింది ఎవరన్న ప్రశ్నకు ఇప్పటికీ సూటి జవాబు లేదు. ఆ జవాబు లేకుండానే మరో సీజన్ మొదలవడం మాకు భయం కలిగిస్తోంది.

2024 ఫిబ్రవరిలో కులు దగ్గరి డోభిలో తెలంగాణ యువతి ఒకరు గాల్లోంచి పడి చనిపోయిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ స్థలానికి అనుమతి ఉందని, పరికరాలకు ఆమోదం ఉందని, పైలట్ రిజిస్టర్ అయినవాడేనని అక్కడి పర్యాటక శాఖే చెప్పింది. ఆమె సేఫ్టీ బెల్టు సరిచూడకపోవడం వల్లే ఈ ఘోరం జరిగిందని, ఇది మానవ తప్పిదమని తేల్చింది. పైలట్‌ను అరెస్టు చేశారు. డోభిలో ఎగరడం ఆపేశారు. ఎంతకాలం? ఇలాంటి ప్రతి ఉత్తర్వులోనూ కనిపించే మాటే: తదుపరి ఉత్తర్వుల వరకు.

అసలు అక్కడ జరిగే పని ఎంతసేపటిదో చూడండి. వచ్చినవారికి హెల్మెట్ పెడతారు. కూర్చునే సీటులాంటి జీనును వెనక నుంచి తగిలిస్తారు. ఛాతీకి అడ్డంగా ఒక పట్టీ, రెండు తొడల చుట్టూ చెరొకటి. వెనకాల పైలట్, ముందు ప్రయాణికుడు. ‘పరిగెత్తు, ఆగకు’ అంటారు. పది అడుగులు వేసేసరికి కాళ్ల కింద నేల ఉండదు. తొడ పట్టీ పెట్టుకోకపోతే ఏమవుతుందో తొలిసారి ఎగిరే మనిషికి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఆ పట్టీలు లాగి చూడటానికి అర నిమిషం చాలు. వెనకాల మరో నలుగురు తమ వంతు కోసం నిలబడి ఉన్నప్పుడు ఎగిరిన లెక్కన డబ్బు వచ్చే పైలట్‌కు ఆ అర నిమిషమే బరువవుతుంది. అందుకే ఆ చూపు పైలట్ మీదే వదిలేయకూడదు. ఎగిరితే తనకు పైసా రాని రెండో మనిషి అక్కడ ఉండాలి.

డోభి తర్వాత ఏమైంది? 2025 జనవరిలో ధర్మశాల దగ్గరి ఇంద్రునాగ్‌లో గుజరాత్ నుంచి వచ్చిన 19 ఏళ్ల అమ్మాయి టేకాఫ్ సమయంలో పడి చనిపోయింది. అదే నెలలో కులు జిల్లా గర్సాలో తమిళనాడు యువకుడు మరణించాడు. ఆ జులైలో, వర్షాకాల విరామం రెండు రోజుల్లో మొదలవుతుందనగా, ఇంద్రునాగ్ ప్రాంతంలోనే గుజరాత్‌కే చెందిన మరో యువకుడు పోయాడు. ఆర్నెల్లలో ఒకే ప్రాంతంలో రెండు ప్రాణాలు. మొదటిదాన్ని ప్రమాదం అనుకుందాం. రెండోదాన్ని ఏమనాలి?

పర్యాటకులు కూడా జాగ్రత్తగా ఉండాలని, ఊరికే మూసేస్తే స్థానిక కుర్రాళ్ల పొట్ట కొట్టినట్టేనని అక్కడివాళ్లు అంటారు. అందులో నిజం లేకపోలేదు. అయితే మేం మూసేయమనడం లేదు. ఏం మారిందో చెప్పకుండా తెరవొద్దంటున్నాం. గాల్లో ఎగిరే ఇలాంటి క్రీడలకు ఏరో స్పోర్ట్స్ నిబంధనలు హిమాచల్‌లో 2004 నుంచీ ఉన్నాయి. పైలట్లకు పరీక్ష పెట్టగల పర్వతారోహణ సంస్థ మనాలిలోనే ఉంది. 2015లో బీర్ బిల్లింగ్‌లో పారాగ్లైడింగ్ ప్రపంచ కప్ నిర్వహించిన రాష్ట్రమిది. అలాంటి రాష్ట్రానికి ఒక తొడ పట్టీ తనిఖీ చేయించడం చేతకాదంటే నమ్మలేం. చేతకాకపోవడం కాదు, అడిగేవాళ్లు లేకపోవడమే అసలు జబ్బు. తాత్కాలిక నిషేధం ఆ అడిగే గొంతును చల్లార్చే మందులా పనిచేస్తోంది. పేపర్లో వార్త చిన్నదయ్యేదాకా మూత, ఆ తర్వాత చడీచప్పుడు లేకుండా తెరవడం. ఒకసారి ఇలా నడిచిపోతే రెండోసారికి అదే దారి, మూడోసారికి అదే రివాజు.

హిమాచల్ కొండలు మనకు ఈ పాఠం ఎప్పుడో నేర్పాయి. 2014 జూన్ 8 సాయంత్రం మండి జిల్లా థలౌట్ దగ్గర బియాస్ నదిలో రాళ్ల మీద నిలబడి ఫొటోలు దిగుతున్న 24 మంది హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులను, వాళ్లతో వెళ్లిన టూర్ నిర్వాహకుడిని లార్జి డ్యామ్ నుంచి వదిలిన నీళ్లు లాక్కుపోయాయి. పిల్లల ఆచూకీ కోసం తల్లిదండ్రులు ఆ ఒడ్డున రోజుల తరబడి కూర్చున్నారు. సైరన్ మోగించామని ఒకరు, వినపడలేదని ఒకరు. చివరికి హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టి, ఒక్కో కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారాన్ని విద్యుత్ బోర్డు, కాలేజీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి కట్టాలని తేల్చింది. పట్టుకుంటే బాధ్యత ఎవరిదో తేలుతుందనడానికి అదే సాక్ష్యం. అయితే తేల్చడానికి కోర్టే రంగంలోకి దిగాల్సి వచ్చింది.

మరో రాష్ట్రాన్ని వేలెత్తి చూపే ముందు మన గడపా చూసుకోవాలి. 2018 మేలో దేవీపట్నం మండలం మంటూరు దగ్గర గిరిజనులు వెళ్తున్న లాంచీ గోదావరిలో మునిగింది. హడావుడి జరిగింది, ఆంక్షలు పెట్టారు. పదహారు నెలలకు, 2019 సెప్టెంబర్ 15న, అదే మండలం కచ్చులూరు దగ్గర పాపికొండలకు 77 మందితో బయల్దేరిన పర్యాటక బోటు వరద గోదావరిలో బోల్తా పడింది. సగానికి పైగా తిరిగి రాలేదు. బోటును బయటికి లాగడానికే 38 రోజులు పట్టింది. ఐదు లక్షల క్యూసెక్కులు పారుతున్న నదిలోకి ఆ బోటును ఎవరు పోనిచ్చారు? 2024 సెప్టెంబర్‌లో మారేడుమిల్లి జలతరంగిణి జలపాతంలో ఒక్కసారిగా పెరిగిన ప్రవాహం ముగ్గురు వైద్య విద్యార్థుల్ని మింగేసింది. పైన కొండల్లో వాన పడితే కింద వాగు ఎలా పొంగుతుందో అక్కడి ప్రతి గిరిజనుడికీ తెలుసు. ఆ తెలిసిన మనిషిని జీతమిచ్చి జలపాతం దగ్గర నిలబెట్టడానికి ఎంతవుతుంది? అరకు, వంజంగి, లంబసింగిలకు జనాన్ని రప్పించే ప్రకటనల ఖర్చులో అది ఎన్నో వంతు?

సిమ్లాలో ఉన్నవాళ్లకైనా, అమరావతి, హైదరాబాద్‌లలో ఉన్నవాళ్లకైనా మేం చెప్పేది ఒకటే. నిలిపివేత ఎత్తేసిన రోజే, ఎందుకు ఎత్తేశారో, ఎవరు వెళ్లి తనిఖీ చేశారో, ఏం సరిచేశారో ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి, టికెట్ కౌంటర్ దగ్గర ఎవరికి వచ్చిన భాషలో వాళ్లు చదువుకునేలా అంటించాలి. ‘ప్రమాదం జరిగితే బాధ్యత నాదే’ అని పర్యాటకుడి చేత సంతకం పెట్టించుకోవడం తెలిసినవాళ్లకు తమ సంతకం పెట్టడానికి సిగ్గెందుకు?

ఇంద్రునాగ్‌లో జనవరి చావుకూ జులై చావుకూ మధ్య ఏ అధికారి ఆ కొండ ఎక్కారు, ఏం చూశారు? రాసి ఉంటే బయట పెట్టండి. రాయకపోతే ఈ సీజన్‌లో ఎవరి పిల్లనూ ఆ అంచున నిలబెట్టి డబ్బు తీసుకునే హక్కు మీకు లేదు.