తాబేళ్లను లెక్కపెట్టాకే పూడిక తీయండి

ఎండలు ముదిరాయంటే మన చిత్తూరు, తిరుపతి జిల్లాల చెరువుల్లోకి జేసీబీలు దిగుతాయి. నెర్రెలిచ్చిన ఆ మట్టిలో ఏముందిలే అనుకుంటాం. కానీ నీళ్లు ఇంకిపోగానే మన చెరువు తాబేలు దూరేది ఆ అడుసులోకే. తలా కాళ్లూ డిప్పలోకి ముడుచుకుని వానల కోసం నెలల తరబడి కదలకుండా పడి ఉంటుంది. కరువును తట్టుకోగలదు గానీ జేసీబీ పన్నును తట్టుకోలేదు. మట్టితో పాటే టిప్పరెక్కి ఏ ఇటుక బట్టీకో, లేఔట్‌కో పోతుంది.

తాబేళ్ల స్మగ్లింగ్ వార్తలు చదువుతూనే ఉన్నాం. గట్టి రక్షణ ఉండే జీవుల జాబితా అయిన 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో పులి పక్కనే ఈ తాబేలూ ఉంది. పులులను లెక్కపెడతాం, పులికాట్‌కు వచ్చే ఫ్లెమింగోలకు పండగ చేస్తాం. స్వర్ణముఖి, నీవా నదుల పరిధి చెరువుల్లో తాబేళ్లెన్నో ఎవరినడగాలి?

లెక్క తీయడం బ్రహ్మవిద్యేం కాదు. ఎర పెట్టిన వలబుట్టలు వేయాలి, అవి ఊపిరి తీసుకునేలా బుట్ట పైభాగం నీటిపైకి ఉండాలి. 20 దొరికాయనుకోండి, డిప్పపై గుర్తు వేసి వదిలేయాలి. కొన్నాళ్లకు మళ్లీ 20 పడితే, అందులో 5, అంటే నాలుగో వంతు, గుర్తున్నవైతే, మొదట గుర్తు వేసిన 20 మొత్తంలో నాలుగో వంతన్నమాట; చెరువులో సుమారు 80 ఉన్నట్టు. ఏటా ఇలాగే చేస్తే పెరుగుతున్నాయో తరుగుతున్నాయో తేలిపోతుంది. ఏటికేడు పిల్లలే తగ్గుతుంటే గుడ్లు నిలవడం లేదేమోనని అనుమానించాలి. తాబేలు గుడ్లు పెట్టేది గట్టు మట్టిలో. సుందరీకరణ పేరుతో గట్టు చుట్టూ కాంక్రీటు పోస్తే అదెక్కడ తవ్వుకుంటుంది?

ఈ పనికి యానాది గిరిజనులను పిలవండి. ఏ మడుగులో ఏముందో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. తమిళనాడులో పాములు పట్టే ఇరులర్లకు 1978లోనే సహకార సంఘం ఏర్పడింది. విషం తీసి పామును వదిలేయడం వాళ్ల జీవనోపాధి అయింది. అదే దారిలో మన యానాదులకు కూలీ ఇచ్చి, యూనివర్సిటీ విద్యార్థులను తోడు పంపితే సరిపోతుంది.

పూడిక తీయకపోతే రైతుకు నీళ్లెలా అంటారు. తీయాల్సిందే, కాదనను. చెరువును రెండు భాగాలు చేసి ఈ ఏడు ఒకవైపు, వచ్చే ఏడు ఇంకోవైపు తీయొచ్చు కదా.

అసలు చిక్కు వేరే ఉంది. చెరువంటే మనకిప్పుడు మట్టి క్వారీ, లేదంటే రేపటి ప్లాట్లు. కట్ట, తూము, మిగులు నీళ్లు పొర్లిపోయే మరవ, వాగు అన్నీ కలిస్తేనే చెరువని మరిచిపోయాం. పైచెరువు మరవ నీళ్లు కిందిచెరువుకు చేరే కాలువలను ఇళ్లు కట్టి మూసేశాం. ఒక చెరువు ఎండితే ఇంకోదానికి నడిచిపోయే తాబేలుకు ఆ దారి కూడా లేకుండా చేశాం.

పూడికతీత అనుమతి కాగితంలో ఎన్ని క్యూబిక్ మీటర్ల మట్టో రాస్తారు. దాని కిందే తాబేళ్ల లెక్కకు ఒక గడి పెట్టండి. ఆ గడి నిండాకే యంత్రం దిగాలి.