అడుగున్న తొట్టెలోనే గోంగూర

శాన్‌ఫ్రాన్సిస్కో ఆగ్నేయ మూలన, బే నీళ్లని ఆనుకుని హంటర్స్ పాయింట్ అనే పాత నౌకాదళ రేవు ఉంది. అక్కడ ఇళ్లకి, పార్కులకి సిద్ధం చేస్తున్న కొన్ని భూమి ముక్కలకి, అక్కడి మాటలో పార్సెళ్లకి, షరతులు రాశారు. వాటిలో ఒకటి కళ్లకద్దుకోదగింది. ఈ నేలలో తినే మొక్కలు నాటరాదు. తినాలని అంతగా ఉంటే నేల మీద తొట్టె పెట్టి, దానికి అడుగు వేసి, శుభ్రమైన మట్టి పోసి పెంచుకోవాలి.

బే ఏరియా తెలుగువాళ్లు జాగ్రత్తగా చదువుకోవాల్సిన నిబంధన ఇది. ఫ్రీమాంట్‌లో జానెడు పెరడు దొరికినా గోంగూర విత్తనాలు చల్లి, కరివేపాకు మొక్కకి చలికాలంలో దుప్పటి కప్పే జాతి మనది. ఇక్కడ ఇల్లు కొనొచ్చు, గృహప్రవేశం చేయొచ్చు, బే మీద సూర్యోదయం చూస్తూ కాఫీ తాగొచ్చు. ముల్లంగి దుంప మాత్రం తొట్టె అడుగు దాటకూడదు. రేడియోధార్మిక విషం కలిసిన పాత నేల మీద కనీసం రెండడుగుల మంచి మట్టో, తారో కప్పుతారు కాబట్టి మనుషులకి భయం లేదట. బొరియలు తవ్వే ఉడుతలకి కూడా నోటీసు అందిందనే ఆశిద్దాం.

ఇంత ముందుచూపు ఎక్కడిది అంటారా? పర్యావరణ ప్రభావ అంచనా అనే మహాశాస్త్రం నుంచి వచ్చింది. అమెరికాలో సైనిక స్థావరాన్ని మూయాలా వద్దా అన్న నిర్ణయానికి ఈ అంచనా అక్కర్లేదని 1990 నాటి మూసివేత చట్టమే మినహాయింపు ఇచ్చింది. మూసేశాక భూమి ఎవరికివ్వాలి, ఏం కట్టాలి అన్నప్పుడే అంచనా మొదలవుతుంది. పెళ్లయ్యాక జాతకాలు చూడటమన్నమాట. చూడటం మాత్రం శ్రద్ధగానే చూస్తారు. నేవీ నివేదిక 2000లో వచ్చింది, నగరం నివేదిక 2010లో వచ్చింది. టవర్ల నీడ పార్కు మీద ఎంతసేపు పడుతుంది, మూలమలుపులో గాలి ఎంత విసురుగా కొడుతుంది, సిగ్నల్ దగ్గర కారు ఎన్ని సెకన్లు ఆగుతుంది, అన్నీ లెక్కకట్టారు.

మరి నేల కింద సంగతి? అది విషపు నేలల్ని శుభ్రం చేయించే సూపర్‌ఫండ్ చట్టం చూసుకుంటుంది, ఆ కిటికీ దగ్గరికి వెళ్లండి అంటారు. ఆ కిటికీలో అడిగితే, ముందు అక్కడేం కడతారో చెప్పండి, ఇళ్లయితే ఒక లెక్క, గోదాములైతే ఇంకో లెక్క అంటారు. శుభ్రం అయిపోతుందన్న నమ్మకంతో వీళ్లు కట్టడం ప్లాను గీస్తారు, ఆ ప్లానుని బట్టి ఎంత శుభ్రం చేయాలో వాళ్లు తేలుస్తారు. ఇద్దరి సంతకాలూ పడ్డాక భూమి బదిలీకి అనుకూలం అని పత్రం పుడుతుంది. విషం మొత్తం పోయిందని ఆ పత్రానికి అర్థం కాదు. కప్పిన కప్పు సవ్యంగా పనిచేస్తోందని చూపిస్తే చట్టానికి చాలు. కింద ఏమైనా మిగిలితే ఐదేళ్లకోసారి సమీక్ష ఉంటుంది. ఆ విషాల్లో ఒకటైన రేడియం-226 సగానికి తగ్గడానికి 1600 ఏళ్లు పడుతుంది కాబట్టి మొదటి సగానికే 320 సమీక్షలు. ఉద్యోగ భద్రత అంటే ఇదీ.

ఆ రేడియం అక్కడికి ఎలా వచ్చిందో రెండు ముక్కల్లో. 1946 జూలైలో బికినీ దీవుల దగ్గర రెండు అణుబాంబులు పేల్చారు. రెండోది నీటి అడుగున పేలి, రేడియోధార్మిక సముద్రపు నీటితో ఓడల్ని తడిపేసింది. ఆ ఓడల్లో కొన్నిటిని ఈ రేవుకి తెచ్చి ఇసుకతో రాపి కడిగారు. ఇండిపెండెన్స్ అనే విమానవాహక నౌకని ఇక్కడ ఏళ్ల తరబడి ఉంచుకుని 1951లో తీసుకెళ్లి సముద్రంలో ముంచేశారు. అణుధార్మిక పరిశోధనశాల ఒకటి 1969 దాకా ఇక్కడే నడిచింది. దాని సింకుల్లో పోసింది మురుగు గొట్టాల్లోకి పోయింది. చీకట్లో మెరిసే రేడియం రంగు పూసిన డయళ్లు, డెక్కు గుర్తులు చెత్తకుప్పల్లో కలిశాయి. రేవు పని 1974లో ఆగిపోయింది. 1989లో సూపర్‌ఫండ్ జాబితాకెక్కింది.

ఇక శుభ్రం చేసే విధానం. కాగితం మీద దీనికి వంక పెట్టలేం. పాత మురుగు గొట్టాలు తవ్వి తీయాలి. తవ్విన మట్టిని ఆరంగుళాల మందాన పరవాలి. గామా కిరణాల్ని పసిగట్టే సోడియం అయొడైడ్ డిటెక్టర్‌ని దాని మీద పది సెంటీమీటర్ల ఎత్తులో, సెకనుకి అర మీటరు చొప్పున నింపాదిగా నడిపించాలి. తర్వాత గుర్తు పెట్టిన చోట్ల నమూనాలు తీసి, డబ్బాల్లో పెట్టి, ఎవరు ఎక్కడ ఎప్పుడు తీశారో ఫారం నింపి ల్యాబుకి పంపాలి. రేడియం సరిగ్గా తేలాలంటే డబ్బాని గాలి చొరకుండా బిగించి 21 రోజులు ఆగాలి, లోపల రేడియం నుంచి పుట్టే రేడాన్ వాయువు నిలదొక్కుకోవాలి. ఇంకో రేడియోధార్మిక సరుకు స్ట్రాన్షియం-90 అయితే గామా మీటరు కంటికి ఆననే ఆనదు, రసాయనాలతో విడదీయాల్సిందే. రేడియానికి హద్దు గ్రాము మట్టికి, సహజంగా ఉండేదానికి పైన, ఒక పికోక్యూరీ (రేడియోధార్మికతకి కొలత). దాటిందా, మళ్లీ తవ్వు, మళ్లీ పరుచు, మళ్లీ 21 రోజులు.

ఈ తద్దినమంతా ఎవడు పెడతాడు? శుభ్రం చేయడానికి నేవీ పెట్టుకున్న కాంట్రాక్టు సంస్థ సూపర్‌వైజర్లు దీనికి దగ్గరిదారి కనిపెట్టారు. నమూనా ఒకచోట తీయమంటే ఇంకోచోట తీశారు. ఆ దృశ్యాన్ని కాస్త నిదానంగా చూడాలి, అంచనాశాస్త్రం శిఖరాన్ని తాకిన ఘట్టమది. చేతిలో పార, ఖాళీ డబ్బాలు, నెత్తిన హెల్మెట్, ఒంటిమీద మెరుపు కోటు. అధికారి బయల్దేరాడు. తను నిలబడాల్సిన గుంట ఇక్కడుంది, ఆ గుంట మట్టితో పేచీ. మంచి మట్టి కావాలి. ఎక్కడ దొరుకుతుంది? ఫలానా భవనం వెనకా? వద్దు, అక్కడ పోయినసారి మీటరు గోల పెట్టింది. ఆ వాలులోనా? అక్కడ ఫరవాలేదు. అడిగితే నేవీ చెప్పలేదు, పటాల్లో లేదు, నివేదికల్లో అసలే లేదు. ఇన్ని వందల ఎకరాల్లో ఏ మూల మట్టి నిజంగా మంచిదో నిజాయితీగా పట్టించుకున్నది మోసం చేయడానికి బయల్దేరిన మనిషొక్కడే! తవ్వాడు, నింపాడు, మూత పెట్టాడు, గుంట పేరు రాశాడు. ఇక అక్కణ్నుంచి అంతా పద్ధతి ప్రకారమే. ఫారం మీద కొలతలు సరైనవే. సంతకం సరైనదే. సీలు సరైనదే. ల్యాబు అంకె దశాంశాలతో సహా సరైనదే. మట్టొక్కటే వేరే.

పట్టించింది పొటాషియం. పొటాషియం-40 ఏ మట్టిలోనైనా సహజంగా ఉంటుంది, రాయి రకాన్ని బట్టి దాని పాళ్లు మారతాయి. ఫలానా చోటివని పంపిన నమూనాల్లో ఆ అంకె ఆ చోటుకి పొసగలేదు. 2012లో నేవీ అనుమానపడింది. పడి, విచారణని అదే కాంట్రాక్టు సంస్థకి అప్పగించింది. వాళ్లు విచారించుకుని, తప్పు కొద్దిమంది కిందివాళ్లదని తేల్చుకున్నారు. 2017 చివర్లో పర్యావరణ రక్షణ సంస్థ పాత రికార్డులు తిరగేసి చూస్తే, బి పార్సెల్‌లో 90 శాతం, జి పార్సెల్‌లో 97 శాతం సర్వే యూనిట్లు, అంటే పరీక్ష కోసం విడగొట్టిన చిన్న భాగాలు, అనుమానాస్పదమని తేలింది. జి పార్సెల్‌లో నేవీ సొంత సమీక్షకి కనిపించింది దాదాపు సగమే. ఇద్దరు సూపర్‌వైజర్లు నేరం ఒప్పుకుంటే 2018లో చెరో ఎనిమిది నెలల జైలు పడింది.

ఎనిమిది నెలలు! 1600 ఏళ్ల సరుకుకి!

ఇక్కడ నవ్వు రావడం లేదు. ఈ కంచె బయట బేవ్యూ అనే పేట ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో ఇదే రేవులో పనికి దక్షిణాది రాష్ట్రాల నుంచి వచ్చిన నల్లజాతి కార్మికుల పిల్లలు, మనవలు అక్కడుంటున్నారు. ఆ ఓడలు రాపిన చేతుల్లో వాళ్ల తాతల చేతులూ ఉన్నాయి. 2000 ఆగస్టులో ఈ స్థావరం చెత్తకుప్ప భూమి లోపల అంటుకుని వారాల తరబడి రగిలితే ఆ పొగ పీల్చింది వాళ్లు. అది దేని పొగో వాళ్లకి చెప్పడానికి తీరిక దొరకలేదు ఎవరికీ. ఆ ఏడాదే నగర ఓటర్లు ఎనభై శాతానికి పైగా, ఈ నేల మొత్తాన్ని ఏ షరతూ లేకుండా ఇళ్లకి పనికొచ్చేలా కడగండి అని ఓటేశారు. కడగడానికి బదులు కప్పారు. ఎ పార్సెల్ శుభ్రంగా ఉందని 2004లోనే నగరానికి ఇచ్చేశారు, ఇళ్లు కట్టారు, జనం చేరారు. 2018లో రాష్ట్ర ఆరోగ్యశాఖ వాళ్లు మీటర్లతో నడిస్తే, నేలకి అడుగు లోతు కూడా లేకుండా రేడియం పూసిన డెక్కు గుర్తు బయటపడింది. అది కూడా మనుషులు నడవగలిగే చోట్లే చూస్తే. కట్టేసిన ఇళ్ల కింద ఎవరు చూస్తారు? ఇదే నేల ఊరికి ఆ చివర, డబ్బున్నవాళ్ల మెరీనాలో ఉండుంటే ఆ అధికారి పార పట్టుకుని వేరే చోటికి నడిచేవాడా? నడవనిచ్చేవారా?

కుంభకోణం తర్వాత జి పార్సెల్‌లో గుంటల్ని మళ్లీ పరీక్షించే పని పెట్టుకున్నారు. ముందు మూడోవంతు గుంటల్ని పూర్తిగా తవ్వి చూడటం, మిగతా వాటిలో నమూనాలు తీయడం, ఎక్కడైనా హద్దు దాటితే అన్నీ తవ్వడం. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ 2024 నవంబరులో సి పార్సెల్ దగ్గర తీసిన గాలి నమూనాలో ప్లుటోనియం-239 చర్య తీసుకోవాల్సిన స్థాయి దాటిందన్న కబురు నగర ఆరోగ్యశాఖకి చేరింది 2025 అక్టోబరులో. పదకొండు నెలలు. అదే నమూనాని మళ్లీ పరీక్షిస్తే ఏమీ కనపడలేదని నేవీ అంటోంది. కనపడకపోవచ్చు కూడా. అయితే పదకొండు నెలలు దాన్ని తమ దగ్గరే ఎందుకు పెట్టుకున్నట్టు?

ఇకమీదట చేయాల్సినవాటికి మహాశాస్త్రం ఏమీ అక్కర్లేదు. డిటెక్టర్ నడిచిన దారి, వేగం సెకను సెకనుకీ నమోదైన అసలు ఫైలు బయటపెట్టాలి, నున్నగా గీసిన పటం వద్దు. ప్రతి నమూనాకీ పొటాషియం అంకె పక్కనే రాయాలి. ల్యాబు ఫలితం నేవీకి చేరిన వారంలో పేటకీ చేరాలి. ప్రతి నమూనానీ అక్కడికక్కడే, పేటవాళ్ల కళ్లముందు రెండు డబ్బాల్లోకి పంచాలి. ఒకటి నేవీ ల్యాబుకి పోనీండి. రెండోది ఏ ల్యాబుకి వెళ్లాలో బేవ్యూ వాళ్లు చెప్పాలి, దాని బిల్లు నేవీ కట్టాలి.