గాడోలినియం కత్తెర ఎమ్మారైలో ఆడదు

గుంటూరు కొత్తపేటలో స్కాన్ కోసం కూర్చున్నవాళ్ల ఫోన్లలోనూ, మా అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ ఒకటే ఫార్వర్డ్. ఎమ్మారైకి ముందు ఎక్కించే మందులో గాడోలినియం అనే లోహం ఉంటుందట. దాని కేంద్రకం కత్తెరలా ఊగుతుందని 1984లో జర్మన్లు కనిపెట్టారట. స్కాన్‌లో అది రెచ్చిపోయి రేడియేషన్ వదులుతుందట, 3 టెస్లా (టెస్లా అంటే అయస్కాంత బలం కొలత) మెషిన్ అయితే మరీనట. మూడు రోజులు పిల్లల్ని ఎత్తుకోకూడదట.

1984 సంగతి నిజమే. డార్మ్‌స్టాట్‌లో అఖిమ్ రిక్టర్ బృందం గాడోలినియం-156 మీదికి ఎలక్ట్రాన్లను వదిలి చూసింది. ఆ కేంద్రకం గుండ్రంగా ఉండదు, కోలగా ఉంటుంది. అందులో ప్రోటాన్ల గుంపు ఒక పక్కకు, న్యూట్రాన్ల గుంపు ఇంకో పక్కకు తిరిగి కత్తెర రెక్కల్లా ఊగుతాయి. ఇదొక అయస్కాంత ద్విధ్రువ ఉత్తేజం, అంటే కేంద్రకం చిన్న అయస్కాంతంలా స్పందించే కదలిక. దానికి కావలసిన శక్తి సుమారు 30 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు (అణువుల స్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణం). కణాలను అతివేగంగా దూకించే యాక్సిలరేటరో, గామా కిరణాలో ఉండాలి.

మరి ఎమ్మారైలో ఉండేదేమిటి? 1.5 టెస్లా మెషిన్ వాడేది 64 మెగాహెర్ట్జ్ రేడియో తరంగం. దాని ఒక్కో ఫోటాన్ (తరంగం మోసే శక్తి పొట్లం) శక్తి, ఒక ఎలక్ట్రాన్ వోల్టును 38 లక్షల వంతులు చేస్తే అందులో ఒక వంతు. కత్తెర ఊగడానికి ఇంతకు పది లక్షల కోట్ల రెట్లు పైగా కావాలి. తమాషా ఏమిటంటే ఎమ్మారైలో జరిగేదీ అయస్కాంత ద్విధ్రువ మార్పే. కాకపోతే అది నీటిలోని హైడ్రోజన్ కేంద్రకం దిశ మారడం మాత్రమే. అక్కడున్నది ఒంటరి ప్రోటాన్, కత్తెరకు రెండో రెక్కే లేదు!

3 టెస్లాలో ఫోటాన్ శక్తి రెట్టింపవుతుంది, అంతే. మీ హాల్లో ట్యూబ్‌లైట్ వెలుగులోని ఫోటాన్‌కు అంతకంటే లక్షల రెట్లు ఎక్కువ శక్తి ఉంటుంది.

పోనీ, కేంద్రకం రెచ్చిందనే అనుకుందాం. సెకనులో లక్ష కోట్ల వంతు కూడా గడవకముందే ఒక గామా కిరణం వదిలి మామూలైపోతుంది. మిగిలేది అదే గాడోలినియం. అది వేరే కేంద్రకంగా మారేలా అందులోంచి ఒక న్యూట్రాన్ ఊడాలన్నా 85 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. ఇంటికి మోసుకెళ్లడానికి ఏమీ ఉండదు.

అసలు ఆ మందు పనిచేసేది కేంద్రకంతో కాదు. గాడోలినియం అయాన్‌లో జతలేని ఎలక్ట్రాన్లు ఏడుంటాయి. వాటి అయస్కాంతత్వం వల్ల పక్కనున్న నీటి ప్రోటాన్లు త్వరగా సర్దుకుంటాయి, బొమ్మలో ఆ చోటు తెల్లగా కనిపిస్తుంది.

పిల్లల్ని దూరం పెట్టమనేది పెట్ స్కాన్ జాగ్రత్త. అందులో ఎక్కించే ఫ్లోరిన్-18 రేడియోధార్మికమే, కానీ 110 నిమిషాలకోసారి సగానికి తగ్గిపోతుంది. అది గంటల లెక్క, మూడు రోజులది కాదు.

నాకు చిరాకేసేది ఇంకోటి. నిజంగా చూసుకోవాల్సినవి ఆ మెసేజ్‌లో ఒక్కటీ లేవు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లలో కొన్ని రకాల గాడోలినియం మందులు చర్మం బిగుసుకుపోయే జబ్బు తెచ్చాయి. క్రియాటినిన్ రిపోర్టు అడిగేది అందుకే. పేస్‌మేకర్ ఉన్నా, ఒంట్లో ఇనుప ముక్క ఉన్నా ముందే చెప్పాలి. చీర కుచ్చిళ్లకు పెట్టుకున్న పిన్నీసు కూడా తీసేయాలి. డాక్టర్ చీటీలో కాంట్రాస్ట్ (అంటే ఈ గాడోలినియం మందు) అని ఉందో లేదో కూడా చూసుకోండి, చాలా ఎమ్మారైలకు ఆ మందు అక్కర్లేదు.