ఫార్మలిన్‌కూ దిక్కు లేదా?

తల్లి రొమ్ములోంచి తీసిన ముక్కను సెలైన్ సీసాలో వేసుకుని భూపాలపల్లి వైపు నుంచి ఒక కుటుంబం బస్సులో హైదరాబాద్ పోయింది. 200 కిలోమీటర్ల పైనే. ముక్క పరీక్షలో క్యాన్సర్ అని తేలింది. హార్మోన్‌ను అడ్డుకునే మందు పనికొస్తుందా అని చెప్పే హార్మోన్ రిపోర్టు మాత్రం నెగెటివ్.

ఆ నెగెటివ్‌ను నమ్మేదెలా? తీసిన ముక్క గంటలోపు ఫార్మలిన్‌లో, అంటే ముక్క చెడకుండా నిలిపి ఉంచే మందు ద్రవంలో పడాలి. 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలు మించకుండా అందులో ఉండాలి. సెలైన్‌లో గంటల తరబడి ఉంటే కణంలోని ప్రొటీన్లు చెడిపోతాయి. ఉన్నది కూడా లేనట్టు కనిపించవచ్చు.

హార్మోన్ పరీక్షలో వెతికేది ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌ను, అంటే ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌ను అందుకునే ప్రొటీన్‌ను. అదొక ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్, అంటే డీఎన్‌ఏను పట్టుకుని ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఊరుకోవాలో నడిపించే ప్రొటీన్. ఈస్ట్రోజెన్ తగిలితే చాలు, కణాన్ని పెరగమని తొందరపెడుతుంది. ఈ జాతి ప్రొటీన్లు మందులకు ఓ పట్టాన లొంగవు. దాదాపు సగం క్యాన్సర్లలో దెబ్బతిని కనిపించే పి53 కూడా ఈ జాతిదే, దాన్ని బాగుచేసే మందు కోసం దశాబ్దాలుగా వెతుకుతూనే ఉన్నారు. ఈస్ట్రోజెన్ రిసెప్టర్ మాత్రం చేతికి చిక్కింది. దాన్ని అడ్డుకునే టామోక్సిఫెన్ బిళ్ల 1970ల నుంచి ఉంది, ఖరీదూ తక్కువే. తొలి దశలో, రిసెప్టర్ పాజిటివ్ ఉన్నవాళ్లు 5 ఏళ్లు వేసుకుంటే ఆ క్యాన్సర్‌తో చనిపోయే ముప్పు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. పరీక్షలో రిసెప్టర్ ఉన్నచోట గోధుమ రంగు పడుతుంది; 100 క్యాన్సర్ కణాల్లో ఒక్కదాని కేంద్రకం ఆ రంగుకు తిరిగినా పాజిటివ్ కిందే లెక్క. అంత సన్నటి గీత మీద నడిచే పరీక్షకు సెలైన్‌లో ముక్క పంపిస్తారా?

రద్దీ ఎక్కువ, సిబ్బంది తక్కువ అని ఆస్పత్రులు అంటాయి. నిజమే. ఫార్మలిన్ డబ్బా ముందే సిద్ధంగా పెట్టుకోవడానికి ఎంతమంది కావాలి? వరంగల్‌లో 24 అంతస్తుల ఆస్పత్రి గురించి 2021 నుంచి చెప్పుకుంటున్నాం. కింద జిల్లాల్లో ముక్క తీసే గదిలో ఒక డబ్బా ఉందో లేదో చూసిన అధికారి ఎవరు? తప్పుడు నెగెటివ్ ఏ లెక్కలోనూ కనపడదు. బిళ్ల రాయని డాక్టర్‌కు తెలియదు, బిళ్ల అందని మనిషికి అసలే తెలియదు.

ముక్క తీసిన టైము, ఫార్మలిన్‌లో వేసిన టైము రెండూ ఫారం మీద రాయాలి. అవి లేకుండా వచ్చిన ముక్క మీద ల్యాబ్ నెగెటివ్ అని సంతకం పెట్టకూడదు. ముక్కను మోసే పని ఆస్పత్రిది, కొడుకుది కాదు. ఆ తల్లికి మళ్లీ ముక్క పరీక్ష చేయండి, ఈసారి ఫార్మలిన్‌లో పంపండి. ఖర్చు ఆమెను అడగొద్దు.