పుట్టినవాళ్లు, వెళ్లిపోయినవాళ్లు

2001, 2011 జనగణనల మధ్య పశ్చిమ గోదావరి జిల్లా జనాభా పెరిగింది మూడున్నర శాతమే. తూర్పు గోదావరిది ఐదు శాతం పైచిలుకు. అదే పదేళ్లలో దేశం 17.7 శాతం, బీహార్ 25 శాతం పెరిగాయి. ఈ అంకెలు చూపించి డెల్టాలో పిల్లలను కనడం మానేశారని తేల్చేసేవాళ్లు ఒక తీసివేత మరిచిపోతున్నారు.

సహజ వృద్ధి అంటే జననాల్లోంచి మరణాలు తీసేస్తే మిగిలేది. ఊరు విడిచినవాళ్లు ఆ లెక్కలోకి రారు, జనగణన అంకెలోంచి మాత్రం తగ్గిపోతారు. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో వెయ్యి మందికి జననాలు 17.5, మరణాలు 7.5. అంటే ఏడాదికి ఒక శాతం పెరుగుదల. గోదావరి జిల్లాల్లో కాన్పులు అంతకన్నా తక్కువే అనుకున్నా, పదేళ్లకు మూడున్నర దగ్గర ఆగడం కష్టం. మిగతావాళ్లు ఏమయ్యారో కోనసీమలో ఏ వీధిలో అడిగినా చెబుతారు: కువైట్, కూకట్‌పల్లి, డాలస్.

కాన్పులు తగ్గిన మాటా నిజమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు, బీహార్‌లో ముగ్గురు. అయితే ఎంత తగ్గిందన్నదాని కన్నా ఎలా తగ్గిందన్నదే నన్ను ఆలోచనలో పడేస్తుంది. ఇందుకు మరో వరి డెల్టాను చూడాలి.

1951లో తూర్పు బెంగాల్ (నేటి బంగ్లాదేశ్) జనాభా సుమారు 4.2 కోట్లు, పశ్చిమ పాకిస్తాన్ (నేటి పాకిస్తాన్)ది 3.4 కోట్లు. ఇప్పుడు బంగ్లాదేశ్‌ జనాభా దాదాపు 17 కోట్లయితే, పాకిస్తాన్‌ది 24 కోట్లు. విడిపోయేనాటికి బంగ్లాదేశే పేదది, కాబట్టి డబ్బుతో వచ్చిన మార్పు కాదిది. 1977లో మత్లాబ్ అనే ఏటిగట్టు ప్రాంతంలో ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి గర్భనిరోధక మాత్రలు, ఇంజెక్షన్లు అందించడం మొదలుపెట్టారు. ఆ పద్ధతే తర్వాత దేశమంతటా పాకింది. అక్కడ నేటికీ ఎక్కువమంది వాడేది మాత్రలే. వద్దనుకుంటే ఆపేయవచ్చు, మళ్లీ కనవచ్చు.

మన దగ్గర మాత్రం ఆపరేషనే. రాష్ట్రంలో వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మందికి కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స జరిగింది. మగవాళ్ల వాటా చెప్పుకోవడానికే సిగ్గు. ఇద్దరు పుట్టగానే, చాలామందికి పాతికేళ్లయినా నిండకుండానే, ఆ అధ్యాయం ముగిసిపోతుంది.

ఇప్పుడేమో పాలకులే ఎక్కువమందిని కనమంటున్నారు. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న 1994 నాటి నిబంధనను 2024 నవంబరులో శాసనసభ ఎత్తేసింది. మంచిదే, అది ఎప్పుడో పోవాల్సింది. కానీ పిలుపు వినాల్సిన ముప్పై ఏళ్ల ఇల్లాలికి ఆపరేషన్ అయి అయిదారేళ్లు దాటింది.

పొలాలకు మనుషులు దొరకడం లేదు కాబట్టి పిల్లలు కావాలన్న వాదన కూడా వినిపిస్తోంది. కొన్నేళ్లుగా డెల్టాలో సార్వా నాట్లకు పశ్చిమ బెంగాల్ కూలీలు వస్తున్నారు. పైన చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలోనే పశ్చిమ బెంగాల్‌లో ఒక్కో స్త్రీకి పిల్లల సగటు 1.6, మన కన్నా తక్కువ.