స్ట్రువైట్ గారికి బహిరంగ లేఖ

మ.రా.రా.శ్రీ స్ట్రువైట్ గారికి,

ఉభయకుశలోపరి. నిన్న మధ్యాహ్నమంతా తమరి సేవలోనే గడిచింది. వ్యర్థాలు మురిగి గ్యాసయ్యే తొట్టి (బయోగ్యాస్ డైజెస్టర్) నుంచి స్లర్రీని, అంటే మిగిలిన చిక్కటి ద్రవాన్ని, తోడే పంపు మూలిగి మూలిగి ఆగిపోతే, గొట్టం వంపు (ఎల్బో) విప్పి చూశాము. పిడికిలి పట్టే గొట్టంలో చిటికెన వేలు దూరేంత సందు మాత్రం మిగిల్చి, చుట్టూ తెల్లటి, గరుకైన స్ఫటికాల రాయిగా తమరు కొలువుదీరి ఉన్నారు. ఉలీ సుత్తీ పట్టుకుని 3 గంటలు కొడితే పావు బకెట్ రాలారు.

తమరి వంశం ఎరగనివాళ్లము కాము. మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్ సరిసమానంగా కలిసి, ఆరు నీటి అణువులను వెంటేసుకుంటే తమరవుతారు. బరువులో 12 శాతానికి పైగా భాస్వరమే. హాంబర్గ్‌లో దొరికిన తమరికి 1845లో ఈ పేరు పెట్టారు. అదే ఊళ్లో 1669లో హెన్నిగ్ బ్రాండ్ అనే రసవాది బంగారం వస్తుందన్న ఆశతో మూత్రం మరగబెట్టి భాస్వరం సాధించాడు. (ఆ ఊరి నీళ్లలోనే ఏదో ఉన్నట్టుంది.)

వ్యర్థాల్లోని కర్బనం గ్యాసుగా వెళ్లిపోయినా నత్రజని, భాస్వరం, పొటాషియం దాదాపుగా స్లర్రీలోనే మిగులుతాయని తెలిసే, అందులోని భాస్వరాన్ని తమరి రూపంలో ఎరువుగా రాబట్టేందుకు ప్రత్యేకంగా రియాక్టర్ కట్టించాము. మెగ్నీషియం క్లోరైడ్ పోశాము. గాలి ఊది కార్బన్ డయాక్సైడ్‌ను తరిమి, పీహెచ్‌ను (క్షారగుణాన్ని చూపే కొలతను) తమరికి నచ్చేలా 8.5కు తెచ్చాము. తమరు రాలేదని అనము. వచ్చారు, కానీ అడుగున నిలవక నీళ్లతోపాటు కొట్టుకుపోయే నలుసులుగా వచ్చారు. ఎల్బోలోకి మాత్రం ఎవరూ పిలవలేదు. అక్కడ స్లర్రీ సుడి తిరిగి, కాస్త కార్బన్ డయాక్సైడ్ వదిలి, పీహెచ్ ఇసుమంత పెరగడమే ఆలస్యం, రాయై బిగుసుకున్నారు.

మూత లేని తొట్టి కనిపిస్తే గాలిలో కలిసిపోయే అమ్మోనియాను క్షమించాము. చేతికి చిక్కకుండా నీళ్లతో జారుకునే పొటాషియంను కూడా క్షమించాము. నీకేం పోయేకాలమయ్యా? గొట్టంలో చూపించే ఉడుంపట్టులో పదోవంతు రియాక్టర్‌లో చూపిస్తే నీ సొమ్మేం పోయింది? నీకు కట్టించిన ఇంట్లో చుట్టపుచూపుగా ఉండి, మా గొట్టంలో కాపురం పెడతావా?

అయినా ఆ ముక్కలను పారేయలేదు. దంచి మొక్కల మొదళ్లలో వేశాము. నీళ్లకు ఓ పట్టాన కరగక, వేళ్లు విడిచే ఆమ్లానికే కొంచెం కొంచెంగా లొంగే ఆ మొండితనం అక్కడ పనికొస్తుందని ఒప్పుకోక తప్పదు.

ఎల్బోను తిరిగి బిగించాము. పంపు పక్కనున్న రెండోదాన్ని రేపు విప్పుతాము. తమరు అందులోనూ సుఖంగానే ఉన్నారని తలుస్తాము.

ఇట్లు,
ఉలి చేతబట్టిన విధేయుడు