ఏడ్చే మగాణ్ణి ఎందుకు నమ్మకూడదు?

1987 జనవరిలో దూరదర్శన్‌లో రామాయణం మొదలయ్యాక, ఆదివారం పొద్దున టీవీ ఉన్న ఇంటికి వీధి వీధంతా చేరేది. హిందీ సగం అర్థమయ్యేది కాదు. అయినా సీత కనబడక అడవిలో రాముడు విలపిస్తుంటే పెద్దవాళ్లు కళ్లొత్తుకునేవారు. దశరథుడు కొడుకు మీద బెంగతో ప్రాణమే వదిలాడు. అన్న కోసం భరతుడు ఏడ్చాడు. వాళ్లను పిరికివాళ్లని ఎవరూ అనలేదు, చేతులెత్తి దండం పెట్టారు.

ఆ గదిలోనే ఓ కుర్రాడు దెబ్బ తగిలి ఏడిస్తే మాత్రం "మగపిల్లాడివి, ఆ ఏడుపేంట్రా!" అని గదమాయించేవారు. పైగా సామెత ఒకటి: నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగాణ్ణి నమ్మకూడదట. ఆమె నవ్వినా తప్పే, అతను ఏడ్చినా తప్పే. ఈ సామెత మీద నాకు చాలా కోపం. మా తరం మగవాళ్లు తెర మీద చూసిన రాముణ్ణి వదిలేసి దీన్నే ఒంటబట్టించుకున్నారు.

పరాయి దేశంలో ఇది ఇంకా బరువు. అర్ధరాత్రి ఫోన్ మోగుతుంది, ఊళ్లో నాన్న పోయారని. మనవాడు వెంటనే టికెట్లు వెతుకుతాడు, ఆఫీసుకు మెయిల్ పెడతాడు, తమ్ముడికి ధైర్యం చెబుతాడు. ఏడుపు ఆగకపోతే గరాజ్‌లోకి వెళ్లి, మొహం కడుక్కుని వస్తాడు. పొద్దున లేచిన పిల్లలకు తాతయ్యకు ఒంట్లో బాగాలేదని చెబుతారు. ఇంట్లో ఏదో జరిగిందని వాళ్లకు తెలుస్తూనే ఉంటుంది, అదేమిటో తెలియదు.

పిల్లలు బెదిరిపోతారని కదా మన భయం! అమెరికా పిల్లల కార్యక్రమం సెసమీ స్ట్రీట్‌లో దుకాణదారు హూపర్ పాత్ర వేసిన విల్ లీ 1982 డిసెంబరులో చనిపోయారు. ఆయన ఎక్కడికో వెళ్లిపోయారని కథ అల్లొచ్చు. వాళ్లు అలా చేయలేదు. నిపుణులను సంప్రదించి, 1983 నవంబరులో పిల్లలకు ఉన్నమాటే చెప్పారు. ఆ కార్యక్రమంలోని పెద్ద పక్షి పాత్ర బిగ్ బర్డ్‌కు ఆ కబురు వివరిస్తున్న నటుల కళ్లలో నీళ్లు నిజమైనవి, మగవాళ్లవి కూడా. చిన్నపిల్లల కార్యక్రమంలో, చిన్నపిల్లల కోసమే!

కాబట్టి తండ్రులకు నేను చెప్పేది ఇదే. గరాజ్‌లోకి వెళ్లకండి. "తాతయ్య పోయారు నాన్నా, నాకు ఏడుపు ఆగట్లేదు" అని పిల్లల ముందే అనండి. కొడుకు వచ్చి పక్కన కూర్చుంటే వెళ్లి చదువుకోమని పంపేయకండి.